మొక్కకు ముందు మట్టి: కర్నూలు, నంద్యాల నేలల్లో తోటల అవకాశాలు

వానాకాలం మొదలవగానే విద్యాసంస్థలకు, హాస్టళ్లకు మొక్కల విరాళాలు వస్తుంటాయి. ఒకరు వంద మామిడి మొక్కలు ఇస్తామంటారు. ఇంకొకరు హాస్టలు వెనక కూరగాయల తోటకు డబ్బిస్తామంటారు. మరొకరు బోరు వేయిస్తామంటారు. ఇచ్చే మనసు గొప్పదే. కానీ ఆ మొక్క నాటబోయే చోట ఉన్నది నల్లరేగడా, ఎర్రనేలా, చౌడా అని అడిగేవారు తక్కువ. జూలైలో నాటిన మొక్క మరుసటి మే నెలను దాటుతుందా లేదా అన్నది చాలావరకు ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

మన ప్రాంతపు నేలలు ఎలాంటివి, ఏ నేలలో ఏది పండుతుంది, మట్టిని బాగు చేసుకోవడానికి ఏం చేయాలి, విరాళం ఇచ్చే ముందు దాత ఏమేం అడగాలి అనే విషయాలను దాతలకు, సంస్థల నిర్వాహకులకు ఉపయోగపడేలా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక జిల్లాలో ఇన్ని నేలలు ఎందుకు?

2022 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా రెండుగా విడిపోయి కర్నూలు, నంద్యాల జిల్లాలయ్యాయి. పాలన వేరైనా నేల కథ ఒక్కటే కనుక ఇక్కడ రెండింటినీ కలిపి చెప్పుకుందాం. ఉమ్మడి జిల్లా విస్తీర్ణం 17,658 చదరపు కిలోమీటర్లు. సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లు. అందులో దాదాపు మూడింట రెండొంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది.

మట్టి రాతి నుంచి పుడుతుంది. కాబట్టి కింద ఉన్న రాయిని బట్టి పైన నేల మారుతుంది. తూర్పున నల్లమల, నడుమ ఎర్రమల, ఈ రెండు కొండల వరసల మధ్య కుందూ నది లోయ. ఆ లోయ అడుగున సున్నపురాయి, పలకరాయి పొరలున్నాయి. నంద్యాల, కోయిలకుంట్ల ప్రాంతాల్లో కనిపించే లోతైన నల్లరేగడి వీటి మీద ఏర్పడిందే. బేతంచెర్ల నాపరాళ్లు, కొలిమిగుండ్ల వైపు సిమెంటు కర్మాగారాలు కూడా ఈ సున్నపురాయి చలవే. నేలలో సున్నం ఎక్కువగా ఉండడానికి కూడా ఇదే కారణం. ఈ సంగతి ముందుముందు చాలాసార్లు వస్తుంది.

ఎర్రమలకు పడమట డోన్, పత్తికొండ, తుగ్గలి, దేవనకొండ వైపు వెళితే కింద గ్రానైటు జాతి రాయి. అది అరిగి ఏర్పడినవి ఎర్రనేలలు. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాలు వెతికేది ఈ ఎర్రమట్టిలోనే. ఇంకా పడమట ఆదోని, ఆలూరు వైపు మళ్లీ నల్లరేగడి వస్తుంది. ఆదోని పత్తి మార్కెట్టు పేరు అందరికీ తెలిసిందే. కాలువల కింద, పల్లపు చోట్ల అక్కడక్కడా చౌడు. పట్టణాల్లో మాత్రం పైన ఉన్నది అసలు నేల కానే కాదు, ఎక్కడినుంచో తెచ్చి పోసిన పూడిక.

ఒకే ట్రస్టుకు నంద్యాలలో ఒక బడి, పత్తికొండలో ఒక హాస్టలు ఉంటే, రెండుచోట్లా ఒకే రకం మొక్కలు ఒకే పద్ధతిలో నాటడం సరికాదన్నమాట.

నల్లరేగడి: బలమూ బలహీనతా ఒకటే

నల్లరేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ, చాలాచోట్ల సగం దాకా ఉంటుంది. ఆ బంకమన్ను జాతి ప్రత్యేకమైనది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చేది అందుకే. నల్లరేగడిలో కట్టిన గోడలు పగుళ్లు తీసేదీ అందుకే.

ఈ నేల గొప్పతనం నీటిని పట్టి ఉంచడం. మీటరు లోతు నల్లరేగడి మొక్కకు అందే నీటిని 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా దాచగలదు. అక్టోబరు, నవంబరులో శనగ విత్తి, ఆ తరువాత పెద్దగా వాన లేకపోయినా పంట తీయగలుగుతున్నారంటే ఆ దాచిన తడి వల్లనే. నంద్యాలలో 1906లో మొదలైన వ్యవసాయ పరిశోధన కేంద్రం పత్తి, జొన్న, శనగ మీద అంత పని చేయడానికి కూడా ఈ నేలే ఆధారం.

అదే గుణం తోటకు ఇబ్బంది కూడా. మొదటి వాన నెర్రెల గుండా గబగబా లోపలికి దిగుతుంది. ఒకసారి మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక నీరు దిగడం ఆగిపోతుంది. అప్పుడు వేళ్లకు గాలి ఆడదు. బొప్పాయి ఒకటి రెండు రోజులు నీళ్లలో నిలిచినా చచ్చిపోతుంది. టమాట, మిరప నారు వాడిపోతుంది. అందువల్ల నల్లరేగడిలో కూరగాయలను ఎప్పుడూ ఎత్తు మడుల మీదే వేయాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ నల్లరేగడి చేల కోసం సూచించిన పద్ధతి ఇదే. మీటరు వెడల్పు మడి, దాని పక్కన అర మీటరు కాలువ, మడి ఎత్తు సుమారు 15 సెంటీమీటర్లు. ఇది పొలానికే కాదు, బడి ఆవరణలోని చిన్న తోటకూ సరిపోతుంది.

ఇక దున్నే పదును. పెద్దలు అదును పదును చూసుకోమని చెప్పేది నల్లరేగడికి అక్షరాలా వర్తిస్తుంది. తడిగా ఉన్నప్పుడు తవ్వితే మట్టి ముద్దలై, ఎండాక రాళ్లవుతుంది. పూర్తిగా ఎండినప్పుడు పార దిగదు. పిడికెడు మట్టి పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అదే పదును. అది రెండు మూడు రోజులకు మించి ఉండదు. కాబట్టి శ్రమదానం తేదీని క్యాలెండరు చూసి కాకుండా నేలను చూసి పెట్టుకోవాలి.

మూడో సంగతి సున్నం. మన నల్లరేగడి క్షార గుణం గలది. పీహెచ్ సాధారణంగా 8 చుట్టుపక్కల, కొన్నిచోట్ల 8.5 దాకా ఉంటుంది. ఇలాంటి నేలలో ఇనుము, జింకు ఉన్నా మొక్కకు అందవు. మందారం, గులాబీ, నిమ్మ, కరివేపాకు వంటివాటిలో లేత ఆకులు పచ్చబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుప ధాతు లోపం. ముదురు ఆకులు ముందుగా పచ్చబడితే నత్రజని లోపం. ఈ తేడా తెలియక చాలామంది యూరియా చల్లుతూ పోతారు. ఇనుము లోపానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు ఆకుల మీద పిచికారీ చేయాలి. జింకు లోపం ఉన్న నేలకు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు చెబుతారు. మన మడి లెక్కలో అది చదరపు మీటరుకు 5 గ్రాములు. దీన్ని భాస్వరం ఎరువుతో కలిపి వేయకూడదు, మూడు నాలుగు రోజుల తేడా ఉండాలి. యూరియా వేసినా పైపైన చల్లకుండా మట్టిలో కప్పెట్టాలి. క్షార నేలలో పైన చల్లిన యూరియాలో కొంత భాగం గాలిలో కలిసిపోతుంది.

నల్లరేగడి ఆవరణలో బాగా వచ్చేవి: గోంగూర, తోటకూర, కొత్తిమీర, వంగ, బెండ, మిరప, ఎత్తు మడి మీద ఉల్లి. చెట్లలో చింత, వేప, రేగు, ఉసిరి, జామ. ఆలోచించి వేయాల్సినవి: బొప్పాయి, నిమ్మ జాతి, గుంత తీసి పెంచే అలంకరణ మొక్కలు.

ఎర్రనేల: తేలిక నేల, ఆకలి నేల

ఎర్రనేలలో ఇసుక పాలు ఎక్కువ. నీరు సులభంగా దిగుతుంది, వేళ్లకు గాలి ఆడుతుంది, వాన మరుసటి రోజే పార పట్టవచ్చు. పీహెచ్ చాలాచోట్ల 6.5 నుంచి 7.5 మధ్య ఉంటుంది, అంటే ఎక్కువ మొక్కలకు ఇష్టమైన మోతాదు. పత్తికొండ టమాట పేరు తెచ్చుకున్నది ఈ నేలల మీదే.

లోపాలు రెండు. మొదటిది, నీళ్లూ ఎరువూ నిలవవు. వారం రోజులు వాన తప్పితే మొక్క వాడుతుంది. రెండోది, గట్టి వాన కురిసి ఎండ కాస్తే పైన అట్ట కడుతుంది. చిన్న గింజ మొలక ఆ అట్టను ఛేదించలేదు. తోటకూర, మెంతి వేసి మొలవలేదని విత్తనాన్ని తప్పుబడతారు గానీ, చాలాసార్లు తప్పు ఆ పైపొరది. విత్తనం వేశాక పలుచగా వరిగడ్డి కప్పి, మొలకలు కనబడగానే తీసేస్తే ఈ సమస్య ఉండదు.

ఎర్రనేలకు మన పెద్దలు కనుక్కున్న మందు చెరువు మట్టి. వేసవిలో చెరువు ఎండినప్పుడు పూడిక తీసి చేలకు తోలడం రాయలసీమలో పాత అలవాటు. ఆ పూడికలో సన్నని బంకమన్ను, ఆకుల కుళ్లు ఉంటాయి. ఇసుక నేలకు అవి నీటిని పట్టే శక్తి ఇస్తాయి. అయితే చౌడు పట్టిన చెరువు మట్టి తేకూడదు. తెచ్చేముందు ఒక పిడికెడు పరీక్ష చేయించుకోవాలి.

ఎర్రనేలలో బాగా వచ్చేవి: టమాట, బీర, కాకర, ఆనప, చిక్కుడు, మునగ. పండ్లలో మామిడి, సీతాఫలం, జామ, సపోట, దానిమ్మ, ఉసిరి. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరున్న గడ్డ మీద మామిడి నాటాలనుకోవడం సహజమే. కానీ మామిడికి నీరు నిలవని, లోతైన నేల కావాలి. అడుగున్నరకే నాపరాయి తగిలే చోట మూడడుగుల గుంత తీయడమే కష్టం, తీసినా వేరు ముందుకు పోదు. సీతాఫలం అలాంటి రాతి నేలలోనూ బతుకుతుంది. కొండవాలుల్లో ఎవరూ నాటకుండా పెరిగే చెట్టది. మునగలో పీకేఎం-1 రకం నాటిన ఆరు నుంచి ఎనిమిది నెలల్లో కాపుకు వస్తుంది. త్వరగా ఫలితం చూడాలనుకునే సంస్థకు ఎర్రనేలలో ఇంతకంటే మంచి చెట్టు లేదు. కాయతో పాటు ఆకు కూడా పిల్లల వంటకు పనికొస్తుంది.

చౌడు: ముందు వైద్యం, తరువాత నాటడం

సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలయ్యే కర్నూలు-కడప కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. 1882లో ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. కాలువ నీళ్లు వచ్చిన చోట పంట పెరిగింది. నీరు బయటికి పోయే దారి లేని పల్లాల్లో చౌడు కూడా పైకి వచ్చింది. నేల లోపలి లవణాలు నీటితో పైకెక్కి, నీరు ఆవిరైపోగా పైన మిగిలిపోవడమే దీనికి కారణం.

చౌడు రెండు రకాలు. వేసవిలో తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు కనిపించేది పాలచౌడు. నల్లగా, జిడ్డుగా, వాన నీళ్లు రోజుల తరబడి మురికిగా నిలిచేది కారుచౌడు. రెండింటికీ వైద్యం వేరు. పాలచౌడుకు మురుగు కాలువ తీసి, మంచి నీళ్లు పెట్టి ఉప్పును కిందికి కడిగేయాలి. కారుచౌడును ఎన్ని నీళ్లతో కడిగినా లాభం లేదు. అందులో సోడియం మట్టిని పట్టుకుని ఉంటుంది. ముందు జిప్సం వేసి కలియబెట్టి, ఆ తరువాత నీళ్లు పెట్టి, ఆ నీటిని బయటికి వదలాలి. జిప్సం ఎంత వేయాలో మట్టి పరీక్ష చేసినవారే చెప్పాలి, ఊహ మీద వేయకూడదు. తరువాత జీలుగ విత్తి, పూతకు రాకముందే కలియదున్నితే నేల గుల్లబారుతుంది. చౌడును తట్టుకునే పచ్చిరొట్ట పైరు అది.

ఇలాంటి చోట మొదటి ఏడాది మొక్కలకు డబ్బు ఖర్చు పెట్టడం దండగ. ఆ డబ్బును మురుగు కాలువకు, జిప్సానికి, జీలుగ విత్తనానికి పెట్టాలి. రెండో ఏడాది నుంచి ఉసిరి, రేగు, ఖర్జూరం వంటి ఓర్పున్న చెట్లు, పాలకూర వంటి ఆకుకూర ప్రయత్నించవచ్చు. చిక్కుడు జాతి, క్యారెట్ ఉప్పును ఏమాత్రం ఓర్చుకోవు.

పట్టణ ఆవరణల్లో పూడిక నేల

ఆదోని, కర్నూలు, నంద్యాల వంటి పట్టణాల్లో బడి, మస్జిద్, ఆసుపత్రి ఆవరణల్లో పైన ఉన్నది చాలాచోట్ల మొరం, ఇటుక ముక్కలు, సున్నం, సిమెంటు పెళ్లలు కలిసిన పూడిక. అందులో ఆహారం లేదు. సున్నం, సిమెంటు వల్ల క్షార గుణం మరీ పెరుగుతుంది. పైపెచ్చు లారీలు తిరిగి గట్టిపడి ఉంటుంది. ఇక్కడ గుంత తీసి మొక్క పెడితే కుండీలో పెట్టినట్టే, వేరు ఆ గుంత దాటి పోదు.

రెండు మార్గాలున్నాయి. చెట్లకు మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత తీసి, పెళ్లలన్నీ ఏరి, మంచి ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువుతో నింపాలి. కూరగాయలకైతే నేలను వదిలేసి, ఇటుకలు పేర్చి అడుగు ఎత్తు తొట్టి మడి కట్టి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన ఎరువు, ఒక పాలు ఇసుక కలిపి నింపాలి. ఎరువు పచ్చిది అయితే చెదలు పడతాయి, వేరు కాలుతుంది. మాగిన ఎరువుకు వాసన ఉండదు, చేతికి పొడిపొడిగా తగులుతుంది.

చేత్తో చేసుకునే నాలుగు పరీక్షలు

ఖర్చు లేకుండా పిల్లలతోనే చేయించదగిన పరీక్షలివి. సైన్సు పాఠం కూడా అవుతుంది.

ఒకటి, సీసా పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి బాగా కుదిపి పెట్టండి. నిమిషంలో ఇసుక అడుగుకు చేరుతుంది. గంట రెండు గంటల్లో ఒండ్రు పేరుతుంది. బంకమన్ను దిగడానికి రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మూడు పొరల మందం చూస్తే నేల రకం తెలిసిపోతుంది. రెండో రోజుకు కూడా నీళ్లు మురికిగానే ఉంటే కారుచౌడేమోనని అనుమానించాలి.

రెండు, నీరు దిగే పరీక్ష. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అది ఇంకాక మళ్లీ నింపి గడియారం చూడండి. రెండోసారి పోసిన నీళ్లు మరుసటి రోజుకు కూడా మిగిలి ఉంటే అక్కడ ఎత్తు మడి తప్పనిసరి.

మూడు, సున్నం పరీక్ష. ఎండిన మట్టి మీద కొంచెం నిమ్మరసం గానీ వెనిగరు గానీ వేయండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టే. నిమ్మ, బత్తాయి మొక్కల విరాళం ఆ చోటుకు వద్దని మర్యాదగా చెప్పవచ్చు.

నాలుగు, లోతు పరీక్ష. గడ్డపారతో నాలుగైదు చోట్ల తవ్వి రాయి ఎంత లోతున తగులుతోందో చూడండి. మూడడుగులు లేని చోట పెద్ద చెట్లు వద్దు.

ప్రయోగశాల పరీక్ష

కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరి 19న భూసార కార్డుల పథకం మొదలుపెట్టింది. ఆ కార్డులో 12 అంశాలుంటాయి. పీహెచ్, లవణాల మోతాదును తెలిపే ఈసీ, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాషు, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. దాత చూడాల్సినవి ముఖ్యంగా మూడు. పీహెచ్ 8.5 దాటితే జాగ్రత్త పడాలి. ఈసీ 4 దాటితే ఉప్పు ఎక్కువని అర్థం. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. మన ఎండకు ఆకులు, ఎరువు త్వరగా కరిగిపోతాయి కాబట్టి మెట్ట నేలల్లో అది తక్కువగానే ఉంటుంది. దానికి మందు ఏటా ఎరువు వేయడం తప్ప వేరే లేదు.

నమూనా తీయడంలో తప్పు జరిగితే నివేదిక పనికిరాదు. కూరగాయల తోటకు పది పదిహేను చోట్ల ఆరంగుళాల లోతున ఆంగ్ల అక్షరం వి ఆకారంలో గుంత తీసి, పక్కగోడ నుంచి పై నుంచి కిందిదాకా సమంగా మట్టి గీకాలి. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడలో ఆరబెట్టాలి. చెట్టు కింద, ఎరువు దిబ్బ పక్కన, గట్టు పక్కన తీయకూడదు. పండ్ల చెట్లకైతే ఐదారడుగుల గుంత తీసి అడుగుకొక నమూనా వేరుగా కట్టాలి. మండల వ్యవసాయ అధికారిని గానీ రైతు సేవా కేంద్రాన్ని గానీ కలిస్తే నమూనా ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. బనవాసి, యాగంటిపల్లెల్లోని కృషి విజ్ఞాన కేంద్రాల్లో సలహా దొరుకుతుంది.

బోరు నీటిని కూడా అదే రోజు పరీక్షకు ఇవ్వాలి. మంచి మట్టిని ఉప్పు నీళ్లు రెండు మూడేళ్లలో చౌడు చేయగలవు.

నీళ్ల లెక్క

ఎంత మట్టి బాగు చేసినా వేసవి మూడు నెలలు దాటించేది నీళ్లే. వంద చదరపు మీటర్ల డాబా మీద ఏడాదిలో 670 మిల్లీమీటర్ల వాన పడితే 67,000 లీటర్లు. ఐదో వంతు పోయిందనుకున్నా 53,000 లీటర్లకు పైగా ఇంకుడు గుంతకో, సంపుకో చేరుతుంది.

మరో వనరు మనకు రోజూ అందుబాటులో ఉంది. వుజూ నీళ్లలో సబ్బు ఉండదు, నూనె ఉండదు. ఒక్కొక్కరు మూడు లీటర్లు వాడతారనుకుని, రోజుకు వందసార్లు లెక్కేసినా 300 లీటర్లు. ఎండాకాలంలో కూరగాయల మడికి రోజుకు చదరపు మీటరుకు ఐదు లీటర్లు అనుకుంటే 60 చదరపు మీటర్ల తోటకు ఇది సరిపోతుంది. కావలసిందల్లా మురుగు కాలువలోకి పోయే గొట్టాన్ని తిప్పి, ఒక చిన్న తొట్టి, ఇసుక వడపోత కట్టడం.

మడి మీద ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు రెండంగుళాల మందం కప్పితే నీళ్ల ఖర్చు తగ్గుతుంది, ఎర్రనేల అట్ట కట్టదు, నల్లరేగడి నెర్రెలు తక్కువవుతాయి. ఒక్క పనితో రెండు నేలలకూ మేలు.

ఐదు సెంట్లలో ఎంత పండుతుంది?

ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో కూడా చెప్పుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు సూచిస్తోంది. ఆ లెక్కన 50 మందికి రోజుకు 20 కిలోలు. ఐదు సెంట్ల స్థలం, అంటే సుమారు 200 చదరపు మీటర్లు, అంత ఇవ్వలేదు. అది ఒక కుటుంబానికి సరిపడే పెరడు.

కానీ ఆకుకూర సంగతి వేరు. 50 మంది పిల్లలకు వారానికి రెండుసార్లు, మనిషికి వంద గ్రాముల చొప్పున ఆకుకూర పెట్టాలంటే వారానికి 10 కిలోలు. తోటకూర చదరపు మీటరుకు కిలో చొప్పున కోతకు వస్తుందనుకుంటే వారానికి 10 చదరపు మీటర్లు చాలు. విత్తిన నాలుగైదు వారాలకు కోత కాబట్టి, పది చదరపు మీటర్ల మడులు ఐదు చేసుకుని వారానికొకటి విత్తుతూ పోతే కోత ఆగదు. మొత్తం 50 చదరపు మీటర్లు. వేసవిలో తోటకూర, వానాకాలంలో గోంగూర, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పాలకూర, మెంతి, కొత్తిమీర. మిగిలిన స్థలంలో గోడ వెంట నాలుగు మునగలు, పందిరికి బీర, ఆనప, ఒక మూల వంటింటి వ్యర్థాలతో ఎరువు గుంత. వాటికీ చోటు మిగులుతుంది.

ఎరువు లెక్క ఎకరాకు పది టన్నులు. ఐదు సెంట్లకు 500 కిలోలు. ఇది ఏటా కావాలి, ఒక్కసారికి కాదు.

దాతలు అడగాల్సిన ప్రశ్నలు

విరాళం చెక్కు రాసేముందు ఈ ఆరు ప్రశ్నలు అడగండి. అడగడం అపనమ్మకం కాదు, ఇచ్చినది నిలబడాలన్న శ్రద్ధ.

1. మట్టి, బోరు నీరు పరీక్ష చేయించారా? నివేదిక చూపగలరా?
2. నేల ఏ రకం? మూడడుగుల లోతు ఉందా? వాన నీరు నిలుస్తుందా?
3. అడుగుతున్న మొక్కలు ఆ నేలకు సరిపడేవేనా?
4. గుంతలు ఏప్రిల్, మే నెలల్లోనే తీసి ఎండకు ఆరనిస్తారా, లేక నాటే రోజునే తవ్వుతారా?
5. మొదటి రెండు వేసవుల్లో నీళ్లు పోసేదెవరు? వారికి జీతం ఎవరిస్తారు?
6. ఏటా ఎరువు ఎక్కడినుంచి వస్తుంది?

ఈ జవాబులను బట్టి విరాళాన్ని పంచడం తేలిక. వంద మొక్కలకు సరిపడే డబ్బు ఉంటే, ముప్ఫై మొక్కలు కొని, మిగతాది గుంతలకు, ఎరువుకు, కంచెకు, రెండు వేసవుల నీళ్లకు కేటాయించమని చెప్పవచ్చు. ఫోటోలో ముప్ఫై మొక్కలు తక్కువగానే కనిపిస్తాయి. కానీ ఐదేళ్ల తరువాత నీడనిచ్చేవి, కాయలు కాసేవి అవే. చౌడు నేల ఉన్న సంస్థకు ఒక దాత జిప్సం ఇస్తే, ఆయన పేరు ఏ చెట్టు మీదా ఉండకపోవచ్చు. ఆ తరువాత అక్కడ పెరిగే ప్రతి చెట్టులోనూ ఆయన వాటా ఉంటుంది.

నాటే అదును జూన్, జూలై. దానికి సిద్ధం కావాల్సింది మాత్రం అంతకు ముందే. మట్టి నమూనా ఫిబ్రవరి, మార్చిలో తీయించండి. ఏప్రిల్, మేలో గుంతలు, మడులు తయారుచేయించండి. తొలకరి పడి నేల తడిశాక, పదును చూసి నాటించండి. మీకు తెలిసిన సంస్థ ఏదైనా ఈ ఏడాది తోట పెట్టాలనుకుంటుంటే, మొక్కల జాబితా అడిగే ముందు అరకిలో మట్టిని పరీక్షకు పంపమని చెప్పండి. ఆ పరీక్ష ఖర్చునే మీ మొదటి విరాళంగా ఇవ్వండి.